వరిచేల సీమకు వచ్చిన కౌబాయ్

పామర్రు సెంటర్ నుంచి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కూచిపూడి. గుడివాడ వైపు తిరిగితే, ఆ ఊరు దాటాక నటుడు కైకాల సత్యనారాయణ పుట్టిన కౌతరం. ఎటు చూసినా వరి, కాలువ, తాడిచెట్టు. గుర్రమెక్కి ఇసుకదిబ్బలు దాటే మనిషి కథకు ఇంతకన్నా పొసగని నేల ఉండదేమో. అయినా 1971లో తొలి తెలుగు కౌబాయ్ చిత్రం ‘మోసగాళ్ళకు మోసగాడు’ వస్తే తెలుగు ప్రేక్షకులు దాన్ని ఘనవిజయం చేశారు. విమర్శకులు ఇలాంటి చిత్రాలను ‘ఇంగ్లీషు సినిమా కాపీ’ అని కొట్టిపారేస్తూ వచ్చారు. ఆ మాట సగమే నిజం.

మొదటి సంగతి, ఆ చిత్రం మూలం అసలు ఇంగ్లీషువాళ్ళది కాదు, ఇటలీవాళ్ళది. దర్శకుడు సెర్జియో లియోనె 1964, 65, 66ల్లో క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో మూడు చిత్రాలు తీశాడు. స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారినే అమెరికా అని నమ్మించాడు. మొదటి చిత్రం కథ జపాన్ దర్శకుడు కురొసావా ‘యొజింబో’ నుంచి తెచ్చుకున్నదే. చేతిలో డబ్బు తక్కువ. అందుకే ఫ్రేముకు సగం ఫిల్మే ఖర్చయ్యే టెక్నిస్కోప్‌లో తీశారు. నటులు తలా ఒక భాష మాట్లాడేవారు, గొంతులన్నీ తర్వాత డబ్బింగ్‌లో పెట్టేవారు. మాటను నమ్ముకునే వీల్లేక, లియోనె ముఖాన్నీ చప్పుడునీ నమ్ముకున్నాడు. తెర నిండా ఎడారి, మరుక్షణం తెర నిండా రెండు కళ్ళు. మూడో చిత్రం చివర ముగ్గురు తుపాకీవాళ్ళు శ్మశానంలో ఎదురెదురుగా నిలబడతారు. నిమిషాల తరబడి ఒక్క మాట ఉండదు. తుపాకీ దగ్గర కదిలే వేళ్ళు, చెమట, చూపు, వాటిని మోస్తూ ఎన్నియో మొరికోనె సంగీతం. హాలీవుడ్‌లో చిన్నాచితకా విలన్ వేషాలు వేసి, అవీ కరువైన లీ వాన్ క్లీఫ్‌ను ఆ ముఖం కోసమే లియోనె వెతికి తెచ్చుకున్నాడు. ఇరుకు కళ్ళు, గద్ద ముక్కు. ఆ క్లోజప్పులే అతన్ని తారను చేశాయి.

ఈ పద్ధతి మన దగ్గరికి వచ్చినప్పుడు పట్టుకున్న చేతులు చూడండి. పద్మాలయా సంస్థ, హీరో కృష్ణ, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. రచన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర. సంగీతం ‘సువర్ణసుందరి’ స్వరకర్త ఆదినారాయణరావు. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. ఎడారి కోసం యూనిట్ రాజస్థాన్ వెళ్ళింది. ఆరుద్ర కథను తెల్లవాళ్ళ కాలానికి మార్చి, అమరవీడు నిధి చుట్టూ తిప్పాడు. ‘రక్తకన్నీరు’ నాటకంతో మాటకు పేరుపడ్డ నాగభూషణం ఇందులో నక్కజిత్తుల నాగన్న.

అప్పటికి మన సాంఘిక చిత్రాల్లో భారమంతా సంభాషణలదే. ఇక్కడ ఆ భారం ఔట్‌డోర్ మీదా, క్లోజప్ మీదా, రీరికార్డింగ్ మీదా పడింది. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ చూపుతోనే అలక తెలుసుకున్న సీమకు కంటితో కథ చెప్పడం కొత్తేమీ కాదు. ఆ చూపును తెరంత పెద్దది చేయడమే కొత్త.

సత్యనారాయణ ఈ చిత్రంలోనూ ఉన్నారు. 1959లో ‘సిపాయి కూతురు’తో హీరోగా వచ్చి, నిలదొక్కుకోలేక, దర్శకుడు విఠలాచార్య ప్రోత్సాహంతో విలన్ అయిన మనిషి. వాన్ క్లీఫ్‌కు మొదట్లో ఇచ్చినట్టే ఆయనకూ ప్రతినాయక పాత్రలే బతుకిచ్చాయి. తేడా ఏమిటంటే మనవాడు ఆ కళ్ళతోనే తర్వాత ‘యమగోల’లో యముడై నవ్వించాడు. ఆ వైవిధ్యం నాకు వాన్ క్లీఫ్‌లో కనిపించదు.

దాస్ గురించి ఇంకో మాట చెప్పాలి. 1970లోనే ఆయన విజయలలితతో ‘రౌడీ రాణి’ తీసి, ఆడమనిషి చేతికి తుపాకీ ఇచ్చారు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ మధ్యలో దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూస్తే, మిగిలిన భాగాన్ని కృష్ణ పూర్తి చేశారు. పోరాట దృశ్యాలు మాత్రం దాస్ తీశారు, కెమెరా మళ్ళీ స్వామిదే. ఎడారిలో పట్టుబడిన పనితనం మన్యం వీరుడి కథకు అక్కరకొచ్చింది. ‘అల్లూరి సీతారామరాజు’ను మెచ్చుకునేవాళ్ళు ‘మోసగాళ్ళకు మోసగాడు’ను కాపీ అనడం న్యాయం కాదు.

‘మోసగాళ్ళకు మోసగాడు’ 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజున, కొత్త హంగులతో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. దాస్ తీసిన మిగతా చిత్రాలకూ ఆ భాగ్యం దక్కాలి. వాటి నెగటివ్‌లుగానీ, ప్రింట్లుగానీ ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, పాడైపోకముందే పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేర్చండి.