ఎర్రగీత ఉన్నచోటా, లేనిచోటా: మర్ఖేల్ నుంచి వచ్చిన ఒక వ్యాసంపై పరిశీలన

నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని మర్ఖేల్ నుంచి ఒక విద్యార్థి మా పీఠానికి పన్నెండు పుటల వ్యాసం పంపించాడు. తన అవ్వ చెప్పగా విన్న జొన్నకోత ముచ్చట్లు అందులోని విషయం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చిన పిల్లవాడు తెలుగులో అంత పెద్ద రచన తానే టైపు చేసి పంపడం మాకు సంతోషం కలిగించింది. చదివి ముగించేసరికి మాత్రం రెండు అనుమానాలు మిగిలాయి.

మొదటిది అవ్వ మాటల గురించి. ఆమె నోరు విప్పిన ప్రతిచోటా 'పోయాడు', 'వచ్చారు', 'అలాగే', 'త్వరగా' అనే రూపాలే ఉన్నాయి. మర్ఖేల్‌లోనే కాదు, సరిహద్దు దాటి మద్నూర్ వైపు వచ్చినా ఆ వయసు ఆడమనిషి పొలం ముచ్చట ఈ భాషలో చెప్పదు. రెండవది మరీ విచిత్రం. 'ఎద్దు మేడలో గంట కట్టినారు' అని ఒకచోట, 'రెండు నేలలు కోత నడిచింది' అని మరొకచోట కనిపించింది. మెడ మేడ అయింది, నెల నేల అయింది.

విద్యార్థిని పిలిచి అడిగాము. జవాబు దాపరికం లేకుండా వచ్చింది. "అవ్వ పోయిండు అనే అన్నది సార్. నేను గూడ అట్లనే కొట్టిన. కింద ఎర్రగీత వచ్చింది. తప్పేమో అనుకొని మార్చిన." మరి మేడ, నేల సంగతి ఏమిటంటే, "వాటికింద గీత రాలేదు సార్" అన్నాడు.

ఈ రెండు జవాబుల మధ్య మా విమర్శ అంతా ఉంది. సరైన మాట కింద గీత పడింది, తప్పు మాట కింద పడలేదు. ఈ వ్యాసాన్ని విద్యార్థి ఒక్కడే రాయలేదనీ, వర్డ్ ప్రాసెసర్ కూడా సహరచయితగా కూర్చున్నదనీ గ్రహించిన తరువాత, ఆ సహరచయిత తెలుగును ఎట్లా చదువుతుందో మన విద్యార్థులకు చెప్పవలసిన అవసరం మాకు తోచింది.

మేడ, నేల ఎట్లా వచ్చాయో ముందు చూద్దాము. ఇది అజ్ఞానం వల్ల వచ్చిన తప్పు కాదు, వేలి అలవాటు వల్ల వచ్చినది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అన్ని భారతీయ లిపులకూ ఒకే అమరిక. 1991లో అది భారతీయ ప్రమాణాలలో భాగమయింది. మరాఠీ 'క' ఏ మీట మీద ఉన్నదో తెలుగు 'క' కూడా ఆ మీట మీదనే ఉంటుంది. పొల్లు, సున్న, గుణింతాలు అన్నీ అంతే. కనుక మరాఠీ టైపింగు వచ్చినవాడు తెలుగు కోసం వేరే పాఠం నేర్వనక్కరలేదు. కంప్యూటర్‌లో భాష మారిస్తే చాలు. హైదరాబాదు విద్యార్థికి లేని ఈ సౌకర్యం నాందేడ్ విద్యార్థికి ఉన్నది. మరాఠీ వాళ్లు 'వాఱ్యావర్' వంటి మాటల్లోని ప్రత్యేకమైన ర కోసం నొక్కే మీటే తెలుగులో మన బండి ఱ ఇస్తుంది. ఇంత పొందిక ఉన్నచోట చిక్కు ఎక్కడ వచ్చింది?

మరాఠీలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ ప్రత్యేక వర్ణాలుగా లేవు. మరాఠీ వేలికి అలవాటైన 'ఎస్', 'ఎ' మీటలు తెలుగులో ఏత్వాన్నీ, ఓత్వాన్నీ ఇస్తాయి. మన ఎత్వం 'జెడ్' మీట మీద, ఒత్వం ఒకటి అంకెకు ఎడమవైపున్న మీట మీద ఉన్నాయి. మరాఠీ రాతలో ఆ రెండింటితో పని పడదు కనుక వేలు అటు పోదు. జొన్న, రొట్టె, కొడవలి అనే మూడు మాటలు వరుసగా కొట్టి చూసుకోండి. జోన్న, రోట్టే, కోడవలి అని వస్తే వేలు ఇంకా మరాఠీలోనే ఉన్నదని అర్థం. ఇటువంటివాటిని ఎర్రగీత పట్టుకుంటుంది, ఎందుకంటే అవి ఏ పట్టికలోనూ ఉండవు. మేడ, నేల, వేల అన్నవి నిఘంటువులోని మాటలే. మెడ, నెల, వెల రాయబోయి వాటిని రాస్తే గీత రాదు. మరాఠీ మాధ్యమ విద్యార్థులు ఈ జంటలను ఒక కాగితం మీద రాసుకొని, వ్యాసం పూర్తయ్యాక 'ఫైండ్' ద్వారా ఒక్కొక్కటీ వెదికి చూసుకోవాలి. పావుగంట పని. అవ్వ నోట ఎన్నడూ తప్పని హ్రస్వదీర్ఘాలు మనుమడి వ్యాసంలో తప్పకూడదు.

'ఫైండ్' అనే సాధనం గురించి ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మనం కంటితో ఆకారం చూస్తాము, యంత్రం సంఖ్య చూస్తుంది. సున్న 'ం', తెలుగు అంకెల్లోని సున్న '౦' కాగితం మీద ఇంచుమించు ఒకటే. యంత్రానికి అవి సంబంధం లేని రెండు గుర్తులు. ఒక విద్యార్థి 'పొలం' అని అంకెసున్నతో రాస్తే, 'పొలం' అని సరిగా వెదికినవాడికి అది దొరకదు. విసర్గకు బదులు ఆంగ్లపు కోలన్ పెట్టి 'అంత:కరణ' అని రాయడం ఇంకా ఎక్కువ. అనుమానం వచ్చిన గుర్తు పక్కన కర్సర్ నిలిపి, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే ఆ గుర్తు సంఖ్యగా మారుతుంది. 0సి02 వస్తే సున్న, 0సి66 వస్తే అంకె. మళ్లీ నొక్కితే గుర్తు తిరిగి వస్తుంది. తప్పు తేలిన తరువాత 'రీప్లేస్' తో ఒకేసారి దిద్దుకోవచ్చు. కోలన్ విషయంలో మాత్రం ఒక్కొక్కచోట చూసి మార్చాలి, లేకపోతే నిజమైన కోలన్లు కూడా విసర్గలైపోతాయి.

ఊరి పేరే మరొక ఉదాహరణ. ఈ వ్యాసంలో అది మర్ఖేల్లో, మర్ఖేల్ లో, మర్ఖేల్‌లో అని మూడు విధాలుగా ఉన్నది. మొదటిదానిలో ల కింద ల ఒత్తు చేరింది. రెండవదానిలో మధ్య ఖాళీ వచ్చింది, పంక్తి చివర పడితే 'లో' కిందికి జారిపోతుంది. మూడవదానిలో పొల్లు పొల్లుగా నిలిచి విభక్తి పక్కనే అంటుకున్నది. మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉండడమే దానికి కారణం. 200సి అని ఆంగ్ల అక్షరాలలో కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే ఆ గుర్తు వస్తుంది. హలంతమైన పరభాషా నామాలకు విభక్తి చేర్చేటప్పుడు మూడవ పద్ధతి మాకు నచ్చుతుంది. ఏది ఎంచుకున్నా ఒక వ్యాసంలో ఒకటే ఉండాలి.

ఈ చెప్పినదంతా యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగుకే వర్తిస్తుంది. తెలుగు డి.టి.పి. చాలాకాలం అను, శ్రీలిపి వంటి వాటి మీద నడిచింది. శ్రీలిపి పుణెలో పుట్టినదే. 1988లో పుణెలోనే ఏర్పడిన సి-డాక్ భారతీయ భాషల జిస్ట్ పరిజ్ఞానాన్ని వ్యాప్తిలోకి తెచ్చింది. మన లిపికి మహారాష్ట్ర చేసిన ఉపకారం చిన్నది కాదు. అయితే పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అంటే ఆంగ్ల అక్షరానికి తొడిగిన తెలుగు ముసుగే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ముసుగు జారి అర్థంలేని ఆంగ్లం బయటపడుతుంది. వాక్యం మొదట పెద్ద అక్షరం పెట్టే 'ఆటోకరెక్ట్' ఆ పాఠం మీద పని చేస్తే ఒక తెలుగు అక్షరం మరొకటిగా మారిపోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పి గౌతమి ఫాంటుతో వచ్చేదాకా సామాన్యులకు అది అందలేదు. మా పీఠానికి పంపే వ్యాసాలు యూనికోడ్‌లోనే ఉండాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

పుటల లెక్క, అక్షరాల లెక్క గురించి ఒక్క మాట. 'స్త్రీ' మనకు ఒక అక్షరం, వర్డ్ లెక్కలో ఆరు గుర్తులు. అక్షరాల సంఖ్య చూసి వ్యాసం పొడుగైందని భయపడవద్దు. ఫాంటు సైజు మార్చినా తెలుగు మారకపోతే 'ఫాంట్' పెట్టెలో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అన్న భాగం చూడండి. తెలుగు సైజు అక్కడ వేరుగా ఉంటుంది. అకారాది సూచిక చేసేవారు 'సార్ట్' ఫలితాన్ని ళ, ఱ దగ్గర స్వయంగా సరిచూసుకోవాలి. యూనికోడ్ సంఖ్యలలో ఱ ర వెనుకనే, ళ ల వెనుకనే ఉన్నాయి. మన వర్ణమాలలో వాటి చోటు చివర కదా.

ఇక అవ్వ మాటలు. అసలు బాధ ఇక్కడ ఉన్నది. ఎర్రగీతకు అర్థం 'తప్పు' అని కాదు, 'నా పట్టికలో లేదు' అని మాత్రమే. తెలుగు క్రియకు కాలం, లింగం, వచనం, వ్యతిరేకం, ప్రశ్న, సందేహం ఒకదాని వెంట ఒకటి అతుక్కుంటూ పోతాయి. 'పోయిండంటనా' అన్నది ఒక మాటా, వాక్యమా అని భాషాశాస్త్రజ్ఞులే ఆలోచించవలసి వస్తుంది. ఏ పట్టికా ఇవన్నీ పట్టలేదు. పట్టినంతలో కూడా అచ్చులో ఎక్కువగా వచ్చిన భాషకే చోటు దొరుకుతుంది. నాందేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో అటు చేరిన తరువాత అక్కడి తెలుగు బడికీ, అచ్చుకూ దూరమై ఇండ్లలో, పొలాల్లో మిగిలింది. అచ్చుకాని భాష పట్టికలోకి ఎట్లా వస్తుంది? పట్టికలో లేదని ఆ పిల్లవాడు అవ్వ మాటను కొట్టివేస్తే, ఆ మాటకు దొరకబోయిన మొదటి రాతసాక్ష్యం కూడా పోయినట్టే.

ఇందుకు సాఫ్ట్‌వేర్‌లోనే ఉపాయాలు ఉన్నాయి. ఇతరుల నోటి మాటల కోసం ప్రత్యేకంగా ఒక 'స్టైల్' చేసుకొని, దాని 'లాంగ్వేజ్' అమరికలో అక్షరదోషాలు వెదకవద్దని గుర్తు పెట్టవచ్చు. ఆ స్టైల్ వేసిన భాగంలో గీత పడదు, రచయిత సొంత వాక్యాలలో పడుతుంది. రెండవ ఉపాయం మాకు ఇంకా ఇష్టం. గీత పడిన మాట మీద కుడి మీట నొక్కి 'యాడ్ టు డిక్షనరీ' అనండి. అట్లా చేర్చిన మాటలన్నీ ఒక చిన్న ఫైలులో పంక్తికి ఒకటి చొప్పున పోగవుతాయి. దానిని తెరిచి చూడవచ్చు, ప్రతి తీసుకోవచ్చు. ఆరు నెలలు ఇట్లా రాసిన విద్యార్థి చేతిలో తన ఊరి మాటల పట్టిక ఉంటుంది. చేర్చే ముందు ఆ మాట అవ్వదా, మన వేలి పొరపాటా అని మాత్రం ఒక క్షణం ఆగాలి. 'జోన్న'ను ఒకసారి చేర్చామంటే ఇక దాని కింద గీత రాదు.

విద్యార్థి వ్యాసాన్ని 'ట్రాక్ చేంజెస్' పెట్టుకొని తిరగరాశాడు. పాత పాఠం, కొత్త పాఠం రెండూ మా ముందు ఉన్నాయి. పోయిండు, వచ్చిండ్రు, గట్లనే, జల్ది తిరిగి వచ్చాయి. ఎద్దు మెడకు గంట చేరింది. అతని డిక్షనరీ ఫైలులో 'పొద్దుమీకింది', 'పొద్దుమూకింది' అని రెండు రూపాలు పక్కపక్కనే కనిపించాయి. ఏది అవ్వదని అడిగాము. ఈసారి గీతల జోలికి పోకుండా, ఆదివారం ఊరికి పోయి విని వస్తానని చెప్పాడు.