తొమ్మిది పాయింట్ల అప్పు

టెల్లా మెనూ తెరిచి చూడండి. ఎంపీ, అంటే మంత్రశక్తి, 90. ఎన్ని లెవెళ్లు ఎక్కించినా అదే 90. మంత్రాల పట్టికలో మెటియో ఉంటుంది, దాని ఖరీదు 99. వేయబోతే ఆట ఒప్పుకోదు. 1991లో జపాన్ సంస్థ స్క్వేర్ తెచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 4’లో ఈ ముసలి మాంత్రికుడి చావు ముందే లెక్క కట్టి పెట్టారు. మనమే చూసుకోం.

కూతురు ఆనా డామ్సియన్ రాకుమారుడు ఎడ్వర్డ్‌తో లేచిపోయింది. వెనక్కి తెచ్చుకుందామని బయల్దేరిన తండ్రి కోట చేరేసరికి ఎగిరే ఓడలు బాంబులు కురిపించి పోయాయి. ప్రియుడికి అడ్డు నిలిచి ఆనా కన్నుమూసింది. టెల్లా ముందు ఎడ్వర్డ్‌ని కర్రతో బాదుతాడు, తర్వాత ఆ ఓడల్ని పంపిన గోల్బెజ్ మీద పగతో ఒంటరిగా వెళ్లిపోతాడు. త్యాగమూర్తి లక్షణాలు ఒక్కటీ లేని మనిషి. నాకు నచ్చింది అదే.

వయసును కూడా మాటల్లో చెప్పరు. మొదట్లో ఆయనకు మంత్రాలు గుర్తుండవు. రీకాల్, అంటే గుర్తుచేసుకో అనే ఆదేశం, నొక్కితే ఏదో ఒక మంత్రం వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. పరీక్షల కొండ మీద మరచినవన్నీ తిరిగొస్తాయి, మెటియో కూడా చేతికందుతుంది. కానీ లెవెల్ పెరిగే కొద్దీ ఒంటి బలం చూపే అంకెలు కొన్ని తగ్గుతాయి. బుర్ర వెనక్కొచ్చింది, ఒళ్లు రాలేదు.

జాట్ గోపురంలో గోల్బెజ్ ఎదురుపడ్డప్పుడు ఆ మంత్రాన్ని మన చేత వేయించరు. టెల్లానే వేస్తాడు, తక్కువైన తొమ్మిదికీ ప్రాణం చెల్లిస్తాడు. అంతా చేస్తే గోల్బెజ్ చావడు, గాయంతో తప్పించుకుంటాడు. అయితే అతని వశంలో ఉన్న యోధుడు కెయిన్‌కి ఆ దెబ్బతో మత్తు వదులుతుంది. కూతురి కోసం వేసిన మంత్రం ఎవరి కొడుకునో విడిపించింది.

పాత్రను ఇలా బలి ఇచ్చే పద్ధతికి ముందూ వెనకా ఉంది. 1988 నాటి రెండో భాగంలో మిన్వూ అనే శ్వేత మాంత్రికుడు అల్టిమా మంత్రం ముద్ర తెరవడానికి ప్రాణం ధారపోశాడు. 1992 నాటి ఐదో భాగంలో గలూఫ్ హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి, సున్నా అయ్యాక కూడా పోరాడతాడు. అతను కూలాక తోటివాళ్లు వైద్య మంత్రాలు, పడిపోయినవాళ్లను లేపే ఫీనిక్స్ డౌన్, ఉన్నవన్నీ వాడి చూస్తారు. దింపుడు కళ్లం ఆశ అంటామే, అది. రోజూ పనిచేసే మందు ఆ పూట పనిచేయదు.

నాలుగో భాగంతో నాకో పేచీ ఉంది. బారన్ కోటలో ముంచుకొస్తున్న గోడల్ని ఆపడానికి కవల మాంత్రికులు పాలోమ్, పోరోమ్ తమను తామే రాళ్లుగా మార్చుకుంటారు. టెల్లా విరుగుడు వేసినా కరగరు, ఎందుకంటే అది వాళ్లు కోరి తెచ్చుకున్న శిక్ష. గుండె పట్టేస్తుంది. తీరా చివర్లో ఇద్దరూ నవ్వుతూ తిరిగొస్తారు. చనిపోయాడనుకున్న సహచరుడు యాంగ్ వస్తాడు, బాంబుతో దూకిన మరో సహచరుడు సిడ్ వస్తాడు. టెల్లా రాడు.

చాలా కాలానికి, అరవయ్యో లెవెల్లో, జట్టులోని రిడియా మెటియో నేర్చుకుంటుంది. వేస్తే 99 ఎంపీ తగ్గుతుంది, ఉల్కలు రాలతాయి, ఆమె తన తర్వాతి వంతు కోసం నిలబడి ఉంటుంది.