మావాడు మహారాణా అయ్యాడు

2012లో జీ టీవీ నడిపిన 'డాన్స్ ఇండియా డాన్స్ లిటిల్ మాస్టర్స్' రెండో విడత పోటీలో ముంబైకి చెందిన ఒక ఆటోడ్రైవర్ కొడుకు గెలిచాడు. పేరు ఫైసల్ ఖాన్. మరుసటి ఏడు, 2013లో, అదే పిల్లవాడు తలపాగా చుట్టి, కత్తి పట్టి, మేవాడ్ రాకుమారుడు ప్రతాప్‌గా సోనీ టీవీలో కనిపించాడు. ఆ సీరియల్ పేరు 'భారత్ కా వీర్ పుత్ర్ - మహారాణా ప్రతాప్'. నాట్యం నుంచి నటనకు దాటిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ పిల్లవాడి దాటడం మాత్రం మాకు ఉత్త వినోద వార్తగా అనిపించలేదు.

మా ఇళ్లలో ఇట్లాంటి వాటి మీద రెండు రకాల మాటలు వినబడతాయి. "మనోడే, చూడండి" అని మురిసేవాళ్లు ఉంటారు. "మనోడైతే ఏంది, వేసింది వాళ్ల వేషమే గదా" అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. బయట ఉన్న లౌకిక మిత్రులు మూడో మాట అంటారు: "కళకు మతమేమిటి? దీన్ని కూడా తవ్వాలా?" మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. మూడింట్లోనూ ఏదో ఒక దాటవేత కూడా ఉంది. ఆ దాటవేత ఏమిటో తేల్చుకోవాలనే ఈ వ్యాసం.

ముందు పోటీ సంగతి చూద్దాం. టీవీ డాన్సు పోటీకి ఉత్త డాన్సు చాలదు. పిల్లవాడి పేరు కావాలి, ఊరు కావాలి, ఉండే గల్లీ కావాలి, నాన్న చేసే పని కావాలి. ఆటకు ముందు రెండు నిమిషాల బొమ్మ వేస్తారు. ఇరుకు గది, అమ్మ కన్నీళ్లు, నాన్న చేతులు. పేదరికం అక్కడ సరుకు. అది అమ్ముడుపోతుందని అందరికీ తెలుసు. అయినా మేం దాన్ని పూర్తిగా తీసిపారెయ్యం. ఎందుకంటే ఆ వేదిక మీద మా పిల్లవాడు తన సొంత పేరుతో నిలబడతాడు. ఓటు వెయ్యాలనుకున్న ప్రేక్షకుడు ఫైసల్ అనే పేరును ఒక్కసారైనా తలుచుకోవాలి. నేర వార్తలో తప్ప మా పేర్లు వినబడని టీవీలో, ఒక సాయిబు పిల్లవాడి పేరు గెలవాలని వేరే మతాల ఇళ్లు కోరుకోవడం చిన్న సంగతి కాదు. ఈ దేశం అంత చెడిపోలేదు అనుకోవడానికి మాకు దొరికే ఆధారాల్లో ఇదొకటి.

ఇక నటన. నటన అంటేనే తన పేరు వదులుకొని వేరే పేరులోకి పోవడం. పరకాయ ప్రవేశం. ఇది ఏ నటుడికైనా ఉన్నదే. ఒక ముస్లిం కుర్రవాడు రాజపుత్ర వీరుడిగా మెప్పిస్తే అది వాడి ప్రతిభ, వాడి హక్కు. 'వాళ్ల వేషం' అనేవాళ్లతో మాకు పొత్తు కుదరదు. ప్రతాప్ వాళ్లవాడు, అక్బర్ మనవాడు అని పంచుకోవడం హిందూత్వవాదులకు కావలసిన పంపకమే. ఆ కాగితం మీద మనమెందుకు సంతకం పెట్టాలి?

ఆ పంపకం ఎంత అబద్ధమో చరిత్రే చెబుతుంది. 1576లో హల్దీఘాట్‌లో అక్బర్ సేనను నడిపింది అంబర్ రాజపుత్రుడు మాన్‌సింగ్. ప్రతాప్ పక్షాన నిలబడి ప్రాణం ఇచ్చిన సేనానుల్లో ఒకడు ఆఫ్ఘన్ హకీంఖాన్ సూర్. రాజ్యాల కోసం జరిగిన పోరును మతాల పోరుగా తిరగరాసి ఊళ్లల్లో, బడి పుస్తకాల్లో, సభల్లో అమ్ముతున్నారు. హకీంఖాన్ పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు?

ఈ సీరియల్ మనకు తెలియకుండానే ఇంకో మంచి పని చేసింది. ఇందులో ఫైసల్ ఖాన్ ప్రతాప్ అయితే, కుర్ర అక్బర్‌గా నటించింది విశాల్ జేఠ్వా. అతనికి అదే తొలి వేషం. ఖాన్ ప్రతాప్, జేఠ్వా అక్బర్. తెర మీద ఎన్ని శపథాలు చేయించినా, తెర వెనక ఆ ఇద్దరు పిల్లల పేర్లు ఆ కథనంతా తలకిందులు చేస్తున్నాయి. టైటిళ్లు చదివినవాడికి ఇది కనబడుతుంది. అయితే టైటిళ్లు ఎవరు చదువుతారు? మా పేచీ మొదలయ్యేది ఇక్కడే.

ఫైసల్ తర్వాతి దారి చూడండి. 2015లో 'ఝలక్ దిఖ్లా జా' ఎనిమిదో విడతలో గెలిచాడు. మళ్లీ డాన్సు, మళ్లీ సొంత పేరు. ఆ తరువాత సోనీలో చంద్రగుప్త మౌర్యుడు. 2022లో సబ్ టీవీలో 'ధర్మ్ యోధా గరుడ్' సీరియల్‌లో గరుత్మంతుడు. మహారాణా, మౌర్య చక్రవర్తి, విష్ణువు వాహనం. ఒక్క నటుడికి ఇన్ని పెద్ద వేషాలు దక్కడం గొప్పే. కాని వరస చూస్తే మాకు ఒక సంగతి తగులుతుంది. అతను తన పేరుతో కనబడినప్పుడల్లా ఆడుతున్నాడు. మాటలు చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఇంకొకరుగా ఉన్నాడు. కాళ్లకు పేరుంది, నోటికి లేదు.

ఇది ఆ కుర్రవాడి తప్పు కాదు. వచ్చిన వేషం వేశాడు, బాగా వేశాడు. తప్పు రాసేవాళ్లది, తీసేవాళ్లది. పోటీలో ఆ పిల్లవాడి నిజ జీవితాన్ని, అంటే ముంబై ఆటోడ్రైవర్ కొడుకు కథను, అదేపనిగా అమ్ముకున్న టీవీ, ఆ జీవితాన్నే ఒక సీరియల్‌గా తీయాలని ఎందుకు అనుకోదు? నాన్న ఆటో నడిపే ఇంట్లో ఒక ఫైసల్ పరీక్ష తప్పడం, ఒక అమ్మాయిని ఇష్టపడటం, అద్దె ఇల్లు వెతుక్కోవడం, పేరు చెప్పగానే ఇంటి యజమాని ముఖం మారడం, ఇవి కథలు కావా? వేదిక మీద రెండు నిమిషాల బొమ్మకు పనికొచ్చిన బతుకు, అరగంట కథకు ఎందుకు పనికిరాదు?

హిందీ తెర మీద ముస్లిం కథలే లేవని మేం అనడం లేదు. 'మేరే మెహబూబ్' (1963), 'పాకీజా' (1972) వంటివి ఉన్నాయి. వాటిలో నవాబులున్నారు, హవేలీలున్నాయి, ముజ్రాలున్నాయి, కవిత్వముంది. మా దూదేకుల ఇళ్లు, కసాబు గల్లీలు, బీడీలు చుట్టే అమ్మలు, పంక్చర్లు వేసే చిచ్చాలు లేరు. నవాబు కాని ముస్లింకు తెర మీద చోటు దొరికింది చాలా తరవాత, ఎక్కువగా తుపాకీతోనో, టోపీతోనో. మన తెలుగు సినిమా అయితే ఇంకా సులువైన దారి పట్టింది. హీరో కోసం చచ్చిపోయే స్నేహితుడు, లేకపోతే బాంబు పెట్టేవాడు, లేకపోతే వచ్చీరాని తెలుగుతో నవ్వించేవాడు. ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణ ఊళ్లల్లో మా జనం చక్కగా ఆ ఊరి తెలుగే మాట్లాడతారని మన రచయితలకు ఎవరు చెప్పాలి?

పేరు వదులుకోవడం అనే సమస్య కొత్తది కాదు. 1944లో 'జ్వార్ భాటా'తో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. 1960లో 'ముగలే ఆజం'లో ఆయన సలీం వేషం వేశాడు. అంటే ఒక ముస్లిం, హిందూ పేరుతో, ముస్లిం రాకుమారుడిగా నటించాడు. ఆయన తండ్రి అక్బర్‌గా పృథ్వీరాజ్ కపూర్. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది, మహజబీన్ మీనాకుమారి అయింది. 1988లో దూరదర్శన్ 'మహాభారత్'లో అర్జునుడిగా వేసిన ఫిరోజ్ ఖాన్ చివరికి అర్జున్ అనే పేరునే తన పేరు చేసుకున్నాడు. ఆ భారతానికి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. ఆయన మాత్రం తన పేరు మార్చుకోలేదు. ఆయన రాసిన మాటలే దేశమంతా ఆదివారం పొద్దున భక్తితో విన్నది.

ఇక్కడ మాకు మన తెలుగు తెరతో సంబంధమున్న ఒక నర్తకి గుర్తొస్తుంది. వహీదా రెహమాన్. భరతనాట్యం నేర్చి, 1955లో తాపీ చాణక్య 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడి ఆంధ్ర దేశాన్ని ఊపేసింది. ఆ ఆటే ఆమెను బొంబాయికి చేర్చింది. 'సి.ఐ.డి.' (1956) సినిమాకు ముందు ఆమెను పేరు మార్చుకోమన్నారు. అప్పటికి అదే ఆనవాయితీ. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడామె ఇంకా పద్దెనిమిదేళ్లు దాటని పిల్ల. ఆమె ఆ తరువాత 'గైడ్' (1965)లో రోజీ అయింది, ఇంకా ఎన్నో అయింది. అయినా టైటిళ్లలో వహీదా రెహమాన్‌గానే మిగిలింది. డాన్సు నుంచి నటనకు దాటేటప్పుడు చేతిలో ఏం పట్టుకొని దాటాలో మా పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

'కళకు మతం లేదు' అనే మిత్రులకు రెండు సంఘటనలు గుర్తుచెయ్యాలి. 2016లో నవాజుద్దీన్ సిద్దిఖీ తన సొంత ఊరు బుఢానాలో రామలీలలో మారీచుడి వేషం వెయ్యాలనుకున్నాడు. స్థానిక శివసేన వాళ్లు అడ్డుపడ్డారు, వేషం ఆగిపోయింది. రాముడి వేషం అడగలేదు, రాక్షసుడి వేషం కూడా దక్కలేదు. 2022లో, ఫైసల్ టీవీలో గరుత్మంతుడిగా రెక్కలు కట్టుకున్న ఏడాదే, కేరళ ఇరింజాలకుడలోని కూడల్‌మాణిక్యం గుడి ఉత్సవంలో భరతనాట్య నర్తకి మాన్సియాకు హిందువు కాదన్న కారణంతో అవకాశం తీసేశారు. స్టూడియోలో పనికొచ్చిన దేహం ఊరి పందిట్లో, గుడి ఆవరణలో పనికిరాకపోవడం ఏమిటి? స్టూడియోలో గేటు దగ్గర లెక్క చూసేది మార్కెట్టు. ఊళ్లో లెక్క చూసేది మతం. కళ రెండు చోట్లా అనుమతి అడుగుతూనే ఉంది.

కాని మాన్సియా కథలో రెండో సగం కూడా ఉంది, దాన్ని దాచితే మేం అబద్ధమాడినట్టే. ముస్లిం ఇంట్లో పుట్టి నాట్యం నేర్చినందుకు ఆమె కుటుంబాన్ని మొదట వెలివేసింది మా మతపెద్దలే. గుడి 'నువ్వు హిందువు కాదు' అంది. మసీదు పెద్దలు 'నువ్వు ముస్లిం కాదు' అన్నారు. ఆడపిల్ల కాలు కదిపితే 'హరామ్' అనే నోళ్లు మా మధ్య ఇంకా ఉన్నాయి. ఫైసల్ మగపిల్లవాడు కాబట్టి మురిశాం. వాడి చెల్లెలి వయసు పిల్ల అదే వేదిక ఎక్కితే మా గల్లీలు ఎంత మురిసేవి? ఈ ప్రశ్న మాకు మేమే వేసుకోవాలి. హిందూత్వను ప్రశ్నించే నోటితోనే ముల్లాను ప్రశ్నించకపోతే మా అస్తిత్వవాదం సగం చచ్చినట్టే.

మాకు ఆట, పాట పరాయివీ కావు. పీర్ల పండగలో అలావా చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి వేసే అడుగులు మావే. హైదరాబాదు పెళ్లి ఊరేగింపులో మోగే మర్ఫా మాదే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924-1999) శ్రీరంగం చేరి నాదస్వరం ఊదాడు. త్యాగరాజ కీర్తనలు ఊదేటప్పుడు ఆయన పేరు చిన మౌలానాయే. ఎవరి వేషమూ వెయ్యలేదు. తన పేరుతో, తన నమాజుతో, ఆ సంగీతంలోనే బతికాడు. మేం కోరుకునే కలయిక అది. పేరు తుడిచేసుకుంటే వచ్చే కలయిక మాకు వద్దు.

నోటికి వచ్చే చిక్కు ముస్లింలకే పరిమితం కాదని చెప్పడానికి సాయిపల్లవిని తలుచుకోవాలి. ఈటీవీ 'ఢీ' పోటీలో ఆడిన ఆ అమ్మాయి 2015లో మలయాళ 'ప్రేమమ్'తో నటి అయింది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతిగా తెలంగాణ యాసను నెత్తిన పెట్టుకుంది. నీలగిరుల అమ్మాయి తెలంగాణ పిల్లగా వేస్తే ఎవరూ అడ్డు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కాని 2022లో, 'విరాటపర్వం' సమయంలో, కశ్మీరీ పండిట్ల మీద హింసనూ, ఆవు పేరిట ముస్లింల మీద జరిగిన దాడినీ ఒకే మాటలో తప్పన్నందుకు ఆమె మీద విరుచుకుపడ్డారు, హైదరాబాదులో ఫిర్యాదు కూడా చేశారు. ఆడినంతసేపు అందరి బిడ్డ. తన మాట తాను మాట్లాడగానే పరాయిది. ఆమెకే ఇట్లా ఉంటే, ఫైసల్ నోరు తెరిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

2025లో నీరజ్ ఘయ్‌వాన్ 'హోమ్‌బౌండ్' వచ్చింది. అందులో ఒక దళిత కుర్రవాడు, ఒక ముస్లిం కుర్రవాడు స్నేహితులు. పోలీసు ఉద్యోగం పరీక్ష రాసి ఎదురుచూస్తారు, లాక్‌డౌన్‌లో ఇంటి దారి పడతారు. ముస్లిం కుర్రవాడు షోయబ్ నవాబు కాదు, ఉగ్రవాది కాదు, నౌకరీ కావలసిన పల్లెటూరి పిల్లవాడు. ఆ దళిత కుర్రవాడిగా నటించింది, పన్నెండేళ్ల కింద మా ఫైసల్ ఎదుట అక్బర్‌గా నిలబడిన విశాల్ జేఠ్వాయే. అక్బర్ కిరీటం తీసేసిన కుర్రవాడికి మనిషి పాత్ర దొరికింది. ప్రతాప్ కిరీటం తీసేసిన కుర్రవాడికి అట్లాంటి పాత్ర ఎవరు రాస్తారు?

బొంబాయి వాళ్లు రాస్తారని కూర్చుంటే రాయరు. కథలు రాస్తున్న మేం, నాటకాలు ఆడిస్తున్న మేం, ఆ పాత్రను మా గల్లీలోంచి తెచ్చి కాగితం మీద పెట్టాలి. లౌకిక మిత్రులు దాన్ని 'ముస్లిం కథ' అని పక్కన పెట్టకుండా ఇంటి కథలాగా చదవాలి. మా పిల్లలు మహారాణాలు కావద్దని మేం అనం. అయి, తలపాగా దించి ఇంటికొచ్చాక, గుమ్మంలో వాణ్ణి పిలిచే పేరుతో కూడా ఒక వేషం ఉండాలంటున్నాం.