చెరకు ప్లాస్టిక్, 60 డిగ్రీల గడప

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచినన్నాళ్లూ మన నిజామాబాద్ జిల్లాకు చెరకంటే చక్కెర, మొలాసిస్. ఇప్పుడు అదే చక్కెరతో ప్లాస్టిక్ కూడా చేస్తున్నారు. దాని పేరు పాలీలాక్టిక్ యాసిడ్, పొట్టిగా పీఎల్ఏ. మట్టిలో కలిసే సంచులు, కప్పుల గురించి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసింది మాత్రం వేడి తగిలినప్పుడు కరెంటుతో అది నడుచుకునే తీరు.

చక్కెర ద్రావణంలో పెరుగు తోడుపెట్టే జాతి బ్యాక్టీరియాను పెంచితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. రెండేసి ఆమ్ల అణువులు కలిసి లాక్టైడ్ వలయమవుతాయి. ఆ వలయాలను విప్పి ఒకదానికొకటి కలిపితే పొడవాటి గొలుసు. ఆ గొలుసులో ప్రతి కడియానికీ ఒక కార్బన్–ఆక్సిజన్ జంట ఉంటుంది. ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం. వోల్టేజి పెట్టగానే ఈ జంటలు దాని దిశకు తిరగాలని చూస్తాయి. గది వేడిమిలో గొలుసు గాజులా బిగుసుకుని ఉంటుంది కాబట్టి తిరగలేవు. అందుకే పీఎల్ఏ అప్పుడు పాలిథీన్, పీవీసీల సరసన నిలబడగల ఇన్సులేటర్. వోల్టేజికి సరుకు ఎంతగా స్పందిస్తుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకం పాలిథీన్‌కు 2.3 అయితే దీనికి 3కు అటూ ఇటూ.

ఈ కొలత తీసే పద్ధతి కూడా చూడముచ్చటైనది. పలచటి ఫిల్మును బిళ్లలా కోసి రెండు వైపులా లోహపు పూత వేస్తారు. ఒకవైపు పూత చుట్టూ సన్నటి ఖాళీ వదిలి మరో లోహపు ఉంగరం గీస్తారు. బిళ్ల అంచు మీదుగా దొంగతనంగా పాకే కరెంటును ఆ ఉంగరం పక్కకు లాగేస్తుంది, ఫిల్ము లోపలి నుంచి వచ్చినదే మీటరుకు చేరుతుంది. ఓవెన్‌లో కొద్దికొద్దిగా వేడి పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా నిలకడ వచ్చేదాకా ఆగి రాసుకుంటారు. ఆ అంకెలతో గీసిన గీత 50 డిగ్రీల దాకా దాదాపు చదునుగా సాగుతుంది. 55–60 మధ్య ఒక్కసారిగా పైకి లేస్తుంది. గొలుసు బిగువు సడలి ఆ జంటలు తిరగడం మొదలుపెడతాయి, తయారీలో మిగిలిపోయిన అయాన్లకూ దారి దొరుకుతుంది. స్థిరాంకమూ లీకేజీ రెండూ పెరుగుతాయి.

పాలీకాప్రోలాక్టోన్ అనే మరో బయో ప్లాస్టిక్‌లో ఈ సడలింపు సున్నాకు దిగువన 60 డిగ్రీల దగ్గరే జరిగిపోతుంది. గది వేడిమికే అది సడలిన సరుకు. ఇన్సులేషన్ పనిలో పీఎల్ఏ గొప్పతనం ఇక్కడే కనబడుతుంది.

అయితే మే నెలలో నిజామాబాద్ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 60 సులభంగా దాటుతుంది. దీనికి విరుగుడు గొలుసులోనే ఉంది. నిదానంగా కాచి స్ఫటికాలు కట్టనిస్తే అవి గొలుసులను పట్టి ఉంచుతాయి, గీత అంత నిటారుగా లేవదు. కుడి ఎడమల్లా అద్దంలో ప్రతిబింబాలైన రెండు రకాల గొలుసులను కలిపితే ఇంకా గట్టి స్ఫటికం వస్తుందని 1987లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. మామూలు పీఎల్ఏ 180 లోపే కరిగితే, ఆ జంట స్ఫటికానికి 220 దాటాలి.

నాకు అన్నిటికంటే నచ్చినది మరొకటి. ఒకే వాటం గొలుసులతో చేసిన ఫిల్మును ఒక దిక్కుకు సాగదీస్తే, మెలిపెట్టినప్పుడు అది కరెంటు పుట్టిస్తుంది. ఒత్తిడి సెన్సార్లలో వాడే పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌కూ ఈ గుణం ఉంది. కానీ అది వేలి వెచ్చదనానికి కూడా కరెంటు పుట్టించి లెక్క తప్పిస్తుంది. పీఎల్ఏ ఫిల్ము వేడికి అలా స్పందించదు, ఒత్తిడినే పలుకుతుంది.

చివరికి కంపోస్టు ప్లాంటులో పీఎల్ఏను మట్టిలో కలిపేది కూడా సుమారు 58 డిగ్రీల వేడే. ఇన్సులేషన్‌ను బలహీనపరిచే సడలింపే నీటికి లోపలి దారి తెరుస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లో బల్రాంపూర్ చీనీ మిల్స్ తన కుంభి ఫ్యాక్టరీ దగ్గర పీఎల్ఏ ప్లాంటు పెడుతున్నట్టు 2024లో ప్రకటించింది. బోధన్ ఫ్యాక్టరీని మళ్లీ తెరిపించే మాట వచ్చినప్పుడల్లా చక్కెర ధర ఒక్కటే లెక్కలోకి వస్తోంది. డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ విద్యార్థులు, అధ్యాపకులు ఈ ఫిల్మును మన ఎండలో, మన వానాకాలపు తేమలో కొలిచి చూడాలి. రైతు సంఘాలు లాక్టిక్ ఆమ్లం మాట కూడా ఎత్తాలి.