యాసిడ్ చెప్పే లెక్క

ఎండలు ముదరకముందే ఇన్వర్టర్ బ్యాటరీ మూతలు ఆరూ తీసి, ఒక్కో సెల్‌లో హైడ్రోమీటర్ పెట్టి చూస్తాను. ఇన్వర్టర్ మీద పచ్చ లైటు వెలుగుతుండగా ఇదేం చాదస్తమని ఇంట్లోవాళ్లు అంటారు. బ్యాటరీ మీద తేలే ఎర్ర, పచ్చ గుర్తులు కూడా ఉన్నాయిగా అంటారు. అవి చెప్పేది నీటి మట్టం. ఛార్జి సంగతి వాటికి తెలియదు.

ఛార్జి ఎంతుందో చెప్పగలిగేది యాసిడ్. కరెంటు వాడుకున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేటు సీసం ప్లేట్లకు పట్టుకుంటుంది, యాసిడ్ పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే సల్ఫేటు ప్లేట్లను వదిలి మళ్లీ యాసిడ్‌లో కలుస్తుంది. చిక్కగా ఉంటే హైడ్రోమీటర్ లోపలి ఫ్లోట్ పైకి తేలుతుంది, పలచబడితే మునుగుతుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన మొదటి బ్యాటరీ నుంచి నేటిదాకా ఇదే రసాయనం.

మల్టీమీటర్‌తోనూ చూడొచ్చు, కానీ ఓపిక కావాలి. ఛార్జింగ్ జరుగుతుండగా 13.8 వోల్టులు కనిపిస్తే అది ఛార్జర్ ఇస్తున్నది. ఫ్యాన్లు తిరుగుతుండగా చూస్తే అసలుకన్నా తక్కువ కనిపిస్తుంది. రెండూ ఆపి, కొన్ని గంటలు వదిలేశాకే ఆ అంకెను నమ్మాలి.

అప్పుడైనా ఎవరి పట్టికతో పోలుస్తున్నామో చూసుకోవాలి. అమెరికాలో ఇల్లులాంటి ఆర్‌వీ బండ్లలో తిరిగేవాళ్లు 12.6, 12.7 వోల్టులుంటే నిండినట్టు, 12.1 దగ్గరుంటే సగం అయిపోయినట్టు లెక్కేస్తారు. వాళ్ల బ్యాటరీల్లో నిండు ఛార్జి మీద యాసిడ్ సాంద్రత 1.265 నుంచి 1.280 వరకు ఉంటుంది. మన ఇళ్లలోని ట్యూబులర్ బ్యాటరీలకు అది సాధారణంగా 1.240 దగ్గరే. చిక్కని యాసిడ్ వేడిలో ప్లేట్లను త్వరగా తినేస్తుంది కాబట్టి మన ఎండలకు తగ్గట్టు పలచగా పోస్తారు. సాంద్రతకు 0.84 కలిపితే ఒక సెల్ వోల్టేజి దాదాపుగా వస్తుంది. 1.240కి 2.08, ఆరు సెల్స్‌కి 12.5. మనకు అదే నిండు ఛార్జి.

ఇది తెలియక బ్యాటరీ బలహీనపడిందనుకుని యాసిడ్ పోయించుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. బ్యాటరీలోంచి తరిగిపోయేది నీరు, యాసిడ్ కాదు. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. అదీ ఛార్జింగ్ పూర్తయ్యాక. నీళ్లు పోసిన వెంటనే హైడ్రోమీటర్ పెడితే పైన తేలే నీళ్లనే కొలుస్తాం. కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకోవాలి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు.

వోల్ట్‌మీటర్ ఆరు సెల్స్‌నీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. అయిదు సెల్స్ 1.230 దగ్గరుండి ఒకటి 1.160లో ఉంటే ఆ తేడా హైడ్రోమీటర్‌లోనే బయటపడుతుంది. అలా కనిపిస్తే పూర్తిగా ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూస్తాను. అప్పటికీ ఆ సెల్ లేవకపోతే లోపం దానిదే. ఆరు అంకెలూ తేదీ వేసి వారంటీ కార్డు వెనకే రాసిపెడతాను. దుకాణంలో మాట్లాడేటప్పుడు అవి చాలా పనికొస్తాయి.