సమస్యకు పేరు పెడదాం, పిల్లవాడికి కాదు

మన బడుల్లో చాలామంది పిల్లలకు రెండు పేర్లుంటాయి. ఒకటి హాజరు పట్టీలో ఉండేది. రెండోది మనం తగిలించేది: మొద్దు, మొండి, పారిపోయేవాడు. ఏడాది తిరిగేసరికి పిల్లవాడు ఆ రెండో పేరుకే పలకడం మొదలుపెడతాడు. నేరేటివ్ థెరపీ, అంటే కథన చికిత్స, సరిగ్గా ఈ రెండో పేరు మీద పనిచేసే పద్ధతి. అందుకే మన ఉపాధ్యాయులకు అది తెలియాలి. ఎంతవరకు తీసుకోవాలో కూడా తెలియాలి.

ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ వైట్, న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ 1980లలో దీనికి రూపమిచ్చారు. 1990లో వారిద్దరి పుస్తకం వచ్చింది. మనిషి వేరు, సమస్య వేరు అన్నది వారి మూలసూత్రం. బట్టల్లోనే దొడ్డికి వెళ్లే ఆరేళ్ల పిల్లవాడి ఉదంతం అందులో ఉంది. ఆ అలవాటుకు 'దొంగ మలం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. అది అమ్మను ఏం చేస్తోంది, నాన్నను ఏం చేస్తోంది అని వైట్ అడిగారు. తర్వాత అసలు ప్రశ్న: దానికి మీరు లొంగని రోజు ఎప్పుడైనా ఉందా? ఉంది. ఆ చిన్న చిన్న రోజులనే పట్టుకుని ఆ ఇంట్లో కొత్త కథ అల్లారు. ముగ్గురూ ఒకవైపు నిలబడ్డారు, సమస్య ఎదురుగా మిగిలింది.

దీన్ని మన ఆశ్రమ పాఠశాలకు తెచ్చి చూద్దాం. మూడో తరగతి కోయ పిల్లవాడు మాటిమాటికీ ఊరికి వెళ్లిపోతున్నాడనుకుందాం. 'ఎందుకు పారిపోతున్నావు?' అంటే తల దించుకుంటాడు. 'నిన్ను ఊరికి లాగేదానికి ఏం పేరు పెడదాం?' అంటే 'ఇంటి బెంగ' అనవచ్చు. అది ఎప్పుడొస్తుంది? రాత్రి దీపాలార్పాక. అది వచ్చినా నువ్వు వెళ్లని రాత్రి ఏం చేశావు? 'పక్కవాడితో మా మాటలో మాట్లాడుకున్నా.' ఈ జవాబులో పిల్లవాడి బలం ఉంది, బడి లోపం కూడా ఉంది.

నా మొదటి అభ్యంతరం ఇక్కడే. పేరు పెట్టడాన్ని ఆటగా కుదించి, 'ఇక బెంగను గెలువు' అని పిల్లవాడికే వదిలేస్తే అది చికిత్స కాదు, తప్పించుకోవడం. బడిలో అతని భాష వినబడకపోతే బెంగకు మేత వేస్తున్నది బడే. సమస్యను పెంచే పెత్తనాలను కూడా ప్రశ్నించాలని వైట్, ఎప్‌స్టన్‌లే చెప్పారు. ఆ సగం వదిలేసి ఈ సగం తీసుకోకూడదు.

రెండోది మన గూడేలకు సంబంధించింది. సమస్యను బయట పెట్టడం మనకు కొత్త కాదు. గాలి సోకిందంటాం, చేతబడి అంటాం. కానీ అక్కడ సమస్యకు ఒక మనిషి ముఖం తగిలిస్తాం, దిక్కులేని ముసలమ్మ దెబ్బలు తింటుంది. కథన చికిత్సలో సమస్య ఎప్పుడూ పొరుగు మనిషి కాదు. ఈ గీత చెరగనివ్వకూడదు. అలాగే పక్క తడపడం, ఎప్పుడూ నీరసం, పిలిస్తే పలకకపోవడం వంటివి చూసినప్పుడు ముందు ఆసుపత్రికి పంపాలి. రక్తహీనతకూ సికిల్ సెల్‌కూ కథ మందు కాదు.

నిస్సంకోచంగా తీసుకోదగింది 'జీవన వృక్షం'. జింబాబ్వేకు చెందిన న్కజెలో న్కుబే, ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ డెన్‌బరో ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతంలో ఎయిడ్స్ వల్ల అయినవారిని పోగొట్టుకున్న పిల్లల కోసం దీన్ని తయారుచేశారు. పిల్లలు ఒక చెట్టు గీస్తారు. వేళ్లు తమ పుట్టుక, ఊరు, పెద్దలు. మాను తమకు వచ్చిన పనులు. కొమ్మలు ఆశలు, ఆకులు ప్రియమైనవాళ్లు. చెట్లన్నీ పక్కపక్కన పెడితే అడవి అవుతుంది. గాలివానల గురించి మాట్లాడేది ఆ తర్వాతే. ముందు నిలబడే చోటు, తర్వాత గాయం. ఈ వరుస చాలా విలువైనది. చదువురాని అమ్మానాన్నలు కూడా ఇందులో కూర్చోగలరు. ఇప్పచెట్టు కింద పెరిగిన పిల్లలకు చెట్టు గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎప్‌స్టన్ తన దగ్గరికి వచ్చినవారికి ఉత్తరాలు రాసేవారు. మనం ఇళ్లకు కబురు పంపేది ఎక్కువగా ఫిర్యాదు చేయడానికే. ఒక్కసారి పిల్లవాడు బెంగకు లొంగని రోజు గురించి నాలుగు వాక్యాలు రాసి పంపుదాం. గూడెంలో చదువుకున్న కుర్రవాడెవరైనా దాన్ని పైకి చదివి, వాళ్ల మాటలో అమ్మానాన్నలకు చెబుతాడు. పక్కనే కూర్చుని ఆ పిల్లవాడూ వింటాడు.