ఇటుక పొడి సిమెంటుకు బదులా?

కూల్చిన గోడల ఇటుకలను పొడిచేసి సిమెంటులో కొంత భాగమునకు బదులుగా వాడవచ్చునని ఈ మధ్య తరచుగా వ్రాయుచున్నారు. ఇది సగము నిజము. కేరళలోని ముల్లపెరియార్ ఆనకట్టను (1887–1895) సున్నము, సుర్ఖీలతోనే కట్టిరి. సుర్ఖీ యనగా ఇటుక పొడియే. కాని అది తనంతట గట్టిపడదు, సున్నము తోడు కావలెను. సిమెంటు నీటితో కలిసినపుడు ఏర్పడు కాల్షియం హైడ్రాక్సైడు ఆ తోడు నిచ్చును.

వ్యాసకర్తలు మరచునది ఇటుక కాలిన తీరు. బంకమన్ను సుమారు 600–800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో తనలో బంధింపబడిన నీటిని కోల్పోయి, సున్నముతో చర్య జరుపు చురుకుదనమును పొందును. వేడి 950 డిగ్రీలు దాటినచో క్రొత్త స్ఫటికములేర్పడి అది తగ్గిపోవును. సరిగా కాలని ఇటుకయు, మాడిన ఇటుకయు ఒకే బట్టీలో దొరకును గదా! కూల్చిన గోడలో వానిని వేరుచేయు వారెవరు?

సిమెంటుకై కాల్చు సున్నపురాయి నుండి విస్తారముగా బొగ్గుపులుసు వాయువు వెలువడును గనుక ఈ ప్రయత్నము అవసరమే. అయితే ఇట్టి కాంక్రీటు తొలి దినములలో నెమ్మదిగా బలపడును; ఎక్కువ రోజులు నీరు పట్టవలెను. ఆ మాట చెప్పని వ్యాసమును నమ్మి ఇంటికి స్లాబు పోసి, తొందరపడి సెంట్రింగు విప్పినవాని గతి యేమి? భారతీయ ప్రమాణముల ప్రకారము పరీక్ష యొకటి కలదు: పొడి, సున్నము, ఇసుక కలిపి చిన్న ఘనములు పోసి, పదవ దినమున నొక్కి బలము కొలుతురు.